మరుగుపడిన పాటకు మరల ప్రాణం

ఒక కళాకృతి ఆయుర్దాయాన్ని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న సాహిత్య విద్యార్థులకు కొత్తది కాదు. అచ్చయిన ఏడాదే చేతులు మారి చెల్లిపోయిన గ్రంథానికి మరుసటి తరంలో పేరు చెప్పేవారు ఉండకపోవచ్చు. అటకమీద దుమ్ముకొట్టుకొని ఉన్న తాళపత్రం కొన్ని శతాబ్దుల పిమ్మట వెలికివచ్చి సాహిత్యచరిత్రలోని అధ్యాయాలను తారుమారు చేయవచ్చు. నన్నెచోడుని కుమారసంభవం 1909లో మానవల్లి రామకృష్ణకవి ప్రకటించేవరకు పండితలోకానికి సైతం అపరిచితమే. ఆనాడు ఆ కవి కాలాన్ని గురించి రేగిన వాదం అంత తేలికగా చల్లారలేదు.

అయితే ఇటువంటి విస్మృతీ, ఇటువంటి పునర్జన్మా తాళపత్రాల యుగానికే పరిమితమని తలచరాదు. యంత్రం వేలకొలది ప్రతులు తీయగలిగిన కాలంలో, పత్రికలూ రేడియోలూ నిత్యం ఘోషించే మహానగరాల నడుమ కూడా, ఒక మంచి కృతి కంటికి కనబడకుండా పోగలదు. 1967లో ఇంగ్లండులో రూపొంది, 1968లో విడుదలై, స్వదేశంలో కొనేవారు లేక మూలపడి, కొన్ని దశాబ్దాల తరువాత ఆ యుగపు ఉత్తమ సృష్టులలో ఒకటిగా లెక్కకు వచ్చిన ఒక పాటల సంపుటి కథ అందుకు చక్కని నిదర్శనం. ఆ ఆల్బం పేరు 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్'. దానిని కూర్చినవారు 'ది జాంబీస్' అనే అయిదుగురు యువకులు.

రాక్ సంగీతమనగానే పెదవి విరిచే పెద్దలు మన ఉపాధ్యాయలోకంలో లేకపోలేదు. అందులోనూ 'సైకెడెలిక్' అన్న విశేషణం తోడయితే వారి అనుమానం రెట్టింపవుతుంది. ఆ మాట పుట్టుక ఆసక్తికరమైనది. చిత్తమనీ, వ్యక్తమనీ అర్థాలనిచ్చే రెండు గ్రీకు ధాతువులను జోడించి, 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుడు దానిని కల్పించి, రచయిత ఆల్డస్ హక్స్‌లీకి రాసిన లేఖలో సూచించాడు. వైద్యుని కలం నుంచి వెలువడిన ఆ పదం పదేండ్లలో వీధిలోకి వచ్చి మత్తుపదార్థాలకూ, రంగురంగుల గోడపత్రికలకూ, ఒక తరహా సంగీతానికీ పేరైపోయింది. 1966, 67 సంవత్సరాలలో ఆంగ్ల, అమెరికన్ యువగాయకులు రికార్డింగు గదినే ఒక వాద్యంగా వాడనారంభించారు. టేపును వెనుకకు తిప్పి వినడం, ఒక ధ్వనిపై మరొక ధ్వనిని పొరలుగా పేర్చడం, దూరదేశాల వాద్యాలను పిలిచి తెచ్చుకోవడం వారికి వేడుకయింది. రవిశంకర్ సితార్ 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో మ్రోగడం ఆ ధోరణిలోని సంఘటనే.

ఆ యుగంలో పుట్టిన ప్రతి పాటకూ మత్తు మరకను అంటగట్టడం మాత్రం న్యాయం కాదు. ఈ సంపుటిలోని వస్తువులను పరికిస్తే ఆ సంగతి వెంటనే తేటతెల్లమవుతుంది. చెరసాల నుంచి విడుదల కానున్న ప్రియురాలికి రాసే లేఖ, ఒంటరిగా వృద్ధాప్యంలోకి జారిపోయిన స్త్రీ, యుద్ధభూమిలో చేతులు వణికే ఒక కసాయి, బాల్యంలో తిరిగిన తోట జ్ఞాపకం, ఇవీ అందులోని విషయాలు. ఏ దేశపు కవికైనా ఇవి కావ్యవస్తువులే.

లండను నగరానికి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే పాత పట్టణం ఉన్నది. ఈ అయిదుగురూ అక్కడి పాఠశాలలలో చదువుకున్నవారు. కీబోర్డు వాయించే రాడ్ ఆర్జెంట్ చిన్ననాడు ఆ ఊరి ప్రధాన దేవాలయపు గాయకబృందంలో పాడినవాడు. గిటారు పాల్ అట్కిన్సన్‌ది, మృదంగస్థానంలోని డ్రమ్ములు హ్యూ గ్రండీవి, బేస్ గిటారు క్రిస్ వైట్‌ది. మృదువైన, ఊపిరి ధ్వనించే కంఠం గల కాలిన్ బ్లన్‌స్టోన్ ప్రధాన గాయకుడు. 1964లో స్థానికమైన ఒక పోటీలో గెలుపొంది డెక్కా కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. అదే ఏడాది ఆర్జెంట్ రచించిన 'షీ ఈజ్ నాట్ దేర్' అనే పాట అమెరికాలో రెండవ స్థానం వరకు ఎగబ్రాకింది. పాఠశాల విడిచిన పిల్లలకు అది ఊహకందని ఆదరణ. కాని ఆ ఆదరణ నిలువలేదు. తరువాతి రెండేండ్లలో వారు విడుదల చేసిన పాటలలో చాలావరకు విఫలమైనవి.

తమ పాటలకు ఇతరులు దిద్దిన తుదిరూపం తమ మనసులోని రూపం కాదన్న అసంతృప్తి ఆర్జెంట్, వైట్‌లకు ఏనాటి నుంచో ఉన్నది. బృందం విడిపోక తప్పదని తోచినప్పుడు, విడిపోయేముందు ఒక్క ఆల్బమయినా తమ చేతులమీదుగా తామనుకున్నట్లు చేయాలని నిశ్చయించుకున్నారు. సీబీఎస్ కంపెనీ అందుకు ఇచ్చిన సొమ్ము 1000 పౌండ్లు. ఆ సొమ్ముతో స్టూడియోలో కూర్చుండి ఆలోచించుకునే తీరిక దొరకదు. అందుచేత పాటలన్నిటినీ బయటనే పదేపదే సాధన చేసి, సిద్ధమైన తరువాతనే లోపల అడుగుపెట్టారు. పేదరికం వారికి నేర్పిన మొదటి క్రమశిక్షణ ఇది. ఈ సంపుటిలోని పాటలకు గల బిగువు, అనవసరమైన ఒక్క స్వరం కూడా లేని పొదుపు, చాలావరకు ఆ క్రమశిక్షణ ఫలమే.

1967 జూన్‌లో లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో పని మొదలైంది. బీటిల్స్ బృందం తమ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమును ముగించి ఆ గదులను విడిచి ఎంతో కాలం కాలేదు. ఆ ఆల్బమునకు పనిచేసిన జెఫ్ ఎమరిక్ వీరికి కూడా ఇంజనీరుగా దొరికాడు. మెలొట్రాన్ అనే వాద్యం వీరి చేతికందింది. చూడడానికి అది హార్మోనియం వంటిదే. కాని దాని మెట్టు ఒక్కొక్కదాని అడుగున ఒక్కొక్క టేపుముక్క ఉంటుంది. వేణువు, వయొలిన్ మొదలైన వాద్యాల నిజధ్వనిని ముందుగా ఆ టేపుపై ముద్రించి పెడతారు. మెట్టు నొక్కగానే టేపు కదిలి ధ్వని పలుకుతుంది. ఎనిమిది సెకండ్లకు టేపు అయిపోతుంది కనుక వాదకుడు ఆలోగా చేయి ఎత్తి మరల నొక్కవలసిందే. వాద్యబృందాన్ని పిలిపించి కూలి చెల్లించే స్తోమతు లేని యువకులకు ఈ యంత్రం పెన్నిధి అయింది. ఈ ఆల్బములో వినవచ్చే తంత్రీవాద్యాల గంభీరనాదం చాలాచోట్ల ఆ పెట్టెలోనిదే.

సంపుటిలోని పాటలు పన్నెండు. వాటిలో అయిదు ఆర్జెంట్‌వి, ఏడు వైట్‌వి. మొత్తం నిడివి దాదాపు 35 నిమిషాలు. మొదటి పాట 'కేర్ ఆఫ్ సెల్ 44'. ఉల్లాసం ఉరకలు వేసే వరుసలో ఆరంభమవుతుంది. వింటూ ఉండగా గాని శ్రోతకు తెలియదు, అది జైలుగదిలో ఉన్న వ్యక్తికి రాసే లేఖ అని. కరుణకు తగిన సన్నివేశాన్ని సంతోషపు బాణీలో పొదగడంలో ఒక ఔచిత్యం ఉన్నది. లేఖ రాసేవాడు శిక్షను తలచుకోవడం లేదు, విడుదలను తలచుకుంటున్నాడు. శిక్ష అనుభవించినది పురుషుడు కాక స్త్రీ కావడం కూడా ఆనాటి ప్రేమగీతాల ఒరవడికి భిన్నమైనది.

రెండవ పాట 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ'. అమెరికన్ రచయిత విలియం ఫాక్‌నర్ 1930లో ప్రకటించిన కథ పేరు ఇదే. అయితే ఆర్జెంట్ ఆ కథను అనుకరించలేదు. ఫాక్‌నర్ కథలోని భయానకాన్ని పూర్తిగా విడిచి, ఒంటరితనాన్ని మాత్రం తీసుకున్నాడు. పియానో, కంఠాలు తప్ప మరొక వాద్యం లేని ఆ పాటలో ఎమిలీ గులాబీలు పెంచుతుంది. ఊరి ప్రేమికులకు ఆ పూలు అందుతూనే ఉంటవి. ఆమెకు ఒక్క పువ్వు ఇచ్చినవారు మాత్రం లేరు. మూలం నుంచి ఏది గ్రహించాలి, ఏది విడవాలి అన్న వివేకమే ప్రౌఢరచనకు లక్షణమని మన ఆలంకారికులు చెప్పిన మాటకు ఈ చిన్నపాట ఉదాహరణగా నిలువగలదు. 'బ్రీఫ్ కాండిల్స్' అన్న మరొక పాట పేరు షేక్‌స్పియర్ మాక్‌బెత్ నాటకం నుంచి వచ్చింది. ఆల్బం వెనుక అట్టమీద 'టెంపెస్ట్' నాటకంలోని వాక్యాలు అచ్చయినవి. పాఠశాలలో చదువుకున్న సాహిత్యం పాటలలోనికి ఎట్లా ప్రవహిస్తుందో ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది.

అన్నిటిలో గంభీరమైనది 'బుచర్స్ టేల్'. మొదటి ప్రపంచయుద్ధపు పశ్చిమరంగాన చిక్కుకున్న ఒక సామాన్య సైనికుని గోడు అది. ఊరిలో మాంసం అమ్ముకుంటూ బ్రతికినవాడు మనుష్యులను కోయవలసిన చోట నిలబడతాడు. చేతుల వణుకు ఆగదు, ఇంటికి పోవాలన్న కోరిక తప్ప మరొకటి లేదు. సోమ్ నది ఒడ్డున 1916 జూలై 1వ తేదీ ఒక్కనాటనే బ్రిటిష్ సైన్యంలో 19,000 మందికి పైగా మరణించారు. అటువంటి మారణహోమాన్ని గురించి రచయిత దీర్ఘోపన్యాసం చేయలేదు. ఒక మనిషి గొంతు వినిపించి ఊరకున్నాడు. పాడినది బ్లన్‌స్టోన్ కాదు, రచయిత అయిన వైట్. శిక్షణలేని ఆ పలుచని కంఠమే ఆ సైనికునికి సరిగ్గా సరిపోయింది.

ఈ ఆల్బమునకు తలరాతలోనే ఒక తప్పు పడింది. హోమరు మహాకావ్యం 'ఒడిస్సీ'. ఆ మాట ఇంగ్లీషులో 'వై' అక్షరంతో ఉండవలసిన చోట 'ఇ' అక్షరం పడి 'ఒడెస్సీ' అయింది. అట్టబొమ్మ చిత్రించిన టెర్రీ క్వర్క్ చేతిలో జరిగిన పొరపాటు అది. రంగురంగుల ఆ చిత్రం ఎంత సుందరంగా ఉన్నదంటే, తప్పు పట్టేలోగా సమయం మించిపోయింది. గేయానికి ఇంగ్లీషులో గల 'ఓడ్' అన్న మాటను స్ఫురింపజేయడానికి బుద్ధిపూర్వకంగా అట్లా రాశామని బృందంవారు తొలినాళ్ళలో చెప్పుకున్నారు. తరువాత నిజం ఒప్పుకున్నారు. వర్ణక్రమదోషం ఒకటి చరిత్రలో శాశ్వతమై కూర్చున్నది. విద్యార్థులు నవ్వుకోవచ్చును గాని, ప్రూఫులు దిద్దే విషయంలో ఈ పాఠం మరువరాదు.

కష్టాలు అంతటితో ఆగలేదు. మోనో పద్ధతిలో ఆల్బం పూర్తయిన తరువాత స్టీరియో ప్రతి కూడా కావాలని కంపెనీ కోరింది. ఇచ్చిన సొమ్ము అప్పటికే ఖర్చయింది. రచయితలుగా తమకు వచ్చిన రాయల్టీ నుంచి ఆర్జెంట్, వైట్ తమ సొంత డబ్బు పెట్టి ఆ పని చేయించారు. 'దిస్ విల్ బి అవర్ ఇయర్' అనే పాటలో ఇత్తడి వాద్యాలను మోనో ప్రతి తయారుచేసే సమయంలోనే నేరుగా కలిపివేయడంచేత దానికి నిజమైన స్టీరియో రూపం సాధ్యం కాలేదు. కృత్రిమంగా కల్పించినదానితో తృప్తిపడవలసివచ్చింది. ముందుగా విడుదల చేసిన పాటలను ఎవరూ కొనలేదు. రచయితలకు రాయల్టీ ఉన్నది. తక్కినవారికి అదీ లేదు. అట్కిన్సన్ కొత్తగా పెండ్లి చేసుకున్నవాడు. కుటుంబపోషణ గడవాలి. 1967 డిసెంబరులో బృందం విడిపోయింది. ఆల్బం ఇంగ్లండులో విడుదలైనది 1968 ఏప్రిల్‌లో. పుట్టేనాటికే తండ్రులు ఇల్లు విడిచిన బిడ్డ అది. వేదికమీద పాడి వినిపించేవారు లేరు, పత్రికలవారితో మాట్లాడేవారు లేరు. మధురకంఠుడైన బ్లన్‌స్టోన్ ఒక బీమా కచేరీలో గుమాస్తాగా చేరాడు.

కథ అక్కడే ముగియవలసింది. ముగియకపోవడానికి కారణం ఒక శ్రోత. ఆయన పేరు ఆల్ కూపర్. అమెరికన్ సంగీతజ్ఞుడు. బాబ్ డిలన్ 1965లో చేసిన ఒక ప్రసిద్ధమైన రికార్డులో ఆర్గన్ వాయించినవాడు. లండను వెళ్ళినప్పుడు ఈ ఆల్బం కొని తెచ్చుకొని విన్నాడు. కొలంబియా కంపెనీ పెద్దల వద్దకు పోయి, దీని హక్కులు ఎవరి చేతిలో ఉన్నా సరే, ఎంత ఖర్చయినా సరే సంపాదించి విడుదల చేయవలసిందని పట్టుపట్టాడు. హక్కులు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నవి! తమ గాదెలో ధాన్యం ఉన్న సంగతి వారికి తట్టనేలేదు. అమెరికాలో ఆల్బం వెలువడింది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు కనుక ముందుగా 'బుచర్స్ టేల్' పాటను విడిగా విడుదల చేసి చూశారు. ఫలించలేదు. చిట్టచివరి పాట 'టైం ఆఫ్ ది సీజన్'ను విడుదల చేయగా అది నెమ్మదిగా రేడియోలలో పాకి, 1969 మార్చినాటికి బిల్‌బోర్డు పత్రిక పట్టికలో మూడవ స్థానానికి చేరింది. పది లక్షలకు పైగా ప్రతులు చెల్లినవి. స్వదేశమైన ఇంగ్లండు పట్టికలలో మాత్రం ఆ పాట పేరైనా కనబడలేదు. ఇంటి కూరకు రుచి లేదన్న సామెత అక్కడ కూడా వర్తించింది.

ఆ పాట రికార్డు చేసేనాడు స్టూడియోలో జరిగిన సంగతిని బృందంవారే అనేకసార్లు చెప్పారు. అలసిపోయిన బ్లన్‌స్టోన్‌ను ఆర్జెంట్ అద్దం వెనుక నుంచి పదేపదే సవరిస్తూ ఉంటే, అంత బాగా తెలిసినవాడివి నీవే వచ్చి పాడుకోమని ఆయన కసురుకున్నాడట. పాడక విడిచిపెట్టలేదు. ఆ పాటయే లక్షలమందికి చేరింది.

ఇక్కడ ఒక వింత జరిగింది. పాట మారుమ్రోగుతున్నది, బృందం లేదు. అసలువారు రానందువల్ల అమెరికాలో కొందరు నిర్వాహకులు 'జాంబీస్' పేరుతో నకిలీ బృందాలను సృష్టించి ఊరూరా కచేరీలు చేయించారు. టెక్సాస్ నుంచి బయలుదేరిన అటువంటి బృందమొకదానిలోని ఇద్దరు యువకులు తరువాత 'జెడ్ జెడ్ టాప్' సభ్యులై సొంత ప్రతిభతో పేరు గడించారు. పేరు ఒకరిది, లాభం మరొకరిది. గ్రంథకర్త కూటికి లేక అలమటిస్తుంటే దొంగ అచ్చులతో మేడలు కట్టినవారి కథలు ఎరిగిన సాహిత్యలోకానికి ఈ వైపరీత్యం కొత్త కాదు. అసలు సభ్యులను మరల కలవమని ధనం ఆశచూపినా వారు అంగీకరించలేదు. ఆర్జెంట్, వైట్ కొత్త బృందం కట్టే పనిలో ఉన్నారు. ఒక్క పాట గెలిచింది గాని ఆల్బం తిరిగి మరుపులోకి జారింది.

దాని పునరుత్థానం ఒక్కనాటి పండుగ కాదు, దశాబ్దాల తరబడి సాగిన పని. పాతరికార్డుల దుకాణాలలో చేతికి చిక్కిన ప్రతిని ఒకడు విని మరొకనికి ఇవ్వడం, పాల్ వెల్లర్ వంటి తరువాతి తరపు గాయకులు దానిని తమ అభిమాన ఆల్బములలో ఒకటిగా పేర్కొనడం, చిన్న కంపెనీలు మరల అచ్చు వేయడం, 1997లో బృందపు రికార్డులన్నిటినీ పరిశోధించి నాలుగు సీడీలుగా వెలువరించడం, ఇట్లా ఒక్కొక్క రాయి పేర్చుకుంటూ వచ్చారు. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బముల జాబితాలో దానికి 80వ స్థానం లభించింది. 2008 మార్చిలో, నలభైయేండ్ల పండుగగా, లండనులోని షెపర్డ్స్ బుష్ ఎంపైర్ నాట్యశాలలో ఆ పాటలన్నిటినీ వరుసగా, మొట్టమొదటిసారి, ప్రేక్షకుల ఎదుట పాడారు. పాట పుట్టిన నలభైయేండ్లకు అరంగేట్రం! పాల్ అట్కిన్సన్ ఆ దినం చూడలేదు. ఆయన 2004లోనే కన్నుమూశాడు. 2019 మార్చి 29న ఆ బృందానికి అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కింది. 'టైం ఆఫ్ ది సీజన్' అమెరికాను ఊపిన ఆ వసంతానికి అప్పటికి సరిగ్గా అర్ధశతాబ్ది.

ఈ వృత్తాంతం నుంచి గ్రహింపవలసినదేమిటి? మంచి కృతికి ఎప్పటికైనా మంచిరోజు వస్తుందన్న నీతి తేలికగా తోచేది. తేలికగా తోచే నీతులను కొంచెం అనుమానించడం విజ్ఞుల లక్షణం. ఎప్పటికైనా గుర్తింపు వచ్చినవాటి కథలే లోకానికి తెలుస్తున్నవి. రానివాటి కథ చెప్పేదెవరు? కూపర్ ఆ వేళ వేరొక రికార్డు కొని ఉంటే, కంపెనీవారు ఆయనను విసుగుతో పంపివేసి ఉంటే, ఈ ఆల్బం కూడా ఆ రెండవ కోవలోకే పోయి ఉండేది. కాలం దానంతట అది తీర్పు చెప్పదు. కాలం అవకాశమిస్తుంది, తీర్పు మనుష్యులే చెప్పాలి. భవభూతి అనంతకాలంపైనా విశాలపృథివిపైనా ఆశ పెట్టుకున్నాడంటే, ఆ ఆశకు ఆధారం సమానధర్ముడైన మనిషి పుట్టుకే గదా!

ఆ గుర్తింపు సైతం కళాకారునికి అన్నం పెట్టే వేళ దాటి రావచ్చు. డెట్రాయిట్ నగరంలో సిక్స్‌టో రోడ్రిగెజ్ అనే గాయకుడు 1970లో 'కోల్డ్ ఫాక్ట్' అనే ఆల్బం వెలువరించాడు. స్వదేశంలో అది చెల్లలేదు. ఆయన పాతఇళ్ళు కూల్చే కూలిపనిలోకి పోయాడు. సముద్రాలకావల దక్షిణాఫ్రికాలో మాత్రం ఆ పాటలు ఒక తరం యువకుల నోట నానుతున్నవి. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆయన చనిపోయాడన్న వదంతి అక్కడివారు నమ్మారు. 1998లో అభిమానుల అన్వేషణ ఫలించి ఆయన అక్కడికి వెళ్ళి పాడినప్పుడు వేలమంది నిండిన సభలు స్వాగతం పలికినవి. ఆ కథ 2012లో 'సెర్చింగ్ ఫర్ షుగర్ మాన్' అనే డాక్యుమెంటరీగా వచ్చి ఆస్కార్ బహుమతి పొందింది. 2023లో ఆయన పరమపదించాడు. గౌరవం దక్కినందుకు సంతోషించవలసిందే. పోయిన ముప్పయ్యేండ్ల కూలిబ్రతుకును తిరిగి ఇచ్చేవారు ఎవరు? ఆలస్యంగా వచ్చిన కీర్తిని చూసి చప్పట్లు కొట్టడంతో సమకాలికుల బాధ్యత తీరిపోదు.

మరుగుపడినదల్లా మాణిక్యమని కూడా భ్రమపడరాదు. మరువదగినవి మరుపులో పడడం కూడా కాలం చేసే మేలే. వెలికితీసినవాని ఉత్సాహం వస్తువు విలువను మించిపోతూ ఉంటుంది. దొరకని ప్రతికి ధర ఎక్కువ కావచ్చు గాని, ధర గుణం కాదు. 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' నిలిచినది దుర్లభం కావడంవల్ల కాదు, సులభంగా దొరికిన తరువాత కూడా విన్నవారిని మెప్పించగలగడంవల్ల. మెప్పించినది దాని పనితనం. విడిపోబోతున్నామని ఎరిగి కూడా, కొనేవారున్నారో లేదో తెలియకపోయినా, ఒక్క పాటనూ ఉదాసీనంగా విడవక చివరివరకు చెక్కారే, ఆ శ్రద్ధ రికార్డు గాడిలో నిలిచిపోయింది. ఆ శ్రద్ధే లేకుంటే ఎందరు కూపర్లు వకాల్తా పట్టినా ఫలితం సున్న.

కనుక పునరావిష్కరణకు మూడు చేతులు కలియాలి. ఫలాపేక్షతో నిమిత్తం లేక పనిని పూర్తిచేసే చేయి ఒకటి, ప్రతిని పారవేయక దాచిన చేయి మరొకటి, విని ఊరకుండలేక పదిమందికి చూపిన చేయి మూడవది. మొదటిది ప్రతిభావంతులకు సాధ్యం. తక్కిన రెండూ సామాన్యులందరికీ సాధ్యమే. ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆలోచింపవలసినది ఇక్కడనే.

తెలుగు నాటకరంగపు పద్యాలు, హరికథలు, లలితగీతాలు లక్కతో చేసిన 78 భ్రమణాల గ్రామఫోను రికార్డులపై ముద్రితమై ఇంటింటా మ్రోగిన కాలమొకటి ఉన్నది. జారవిడిస్తే పగిలే ఆ పళ్ళేలు ఎన్నో పాతసామాను బండ్ల పాలయినవి. మిగిలినవానిలో పెక్కు వ్యక్తిగతంగా సేకరించినవారి శ్రమఫలం. గాయకుని పేరు తెలిసినచోట రచయిత పేరు తెలియదు, రెండూ తెలిసినచోట సంవత్సరం తెలియదు. ఊరి బడిలో ఒక తరగతి పిల్లలు తమ ఇండ్లలో, ఇరుగుపొరుగున ఉన్న పాతరికార్డుల, టేపుల, పాటపుస్తకాల జాబితా ఒకటి తయారుచేస్తే అది ఏ పాఠ్యగ్రంథానికీ తీసిపోని విద్య. పేరును వర్ణక్రమం తప్పకుండా రాయడం, అట్టమీద ఉన్న తేదీని ఉన్నది ఉన్నట్లు ఎత్తి రాయడం, లేని తేదీని ఊహించి రాయకపోవడం, ఈ మూడు అలవాట్లే పరిశోధనకు ఓనమాలు. అమ్మమ్మ పాడే దంపుళ్ళ పాటను నేటి చేతిఫోనులో పట్టి, పాడినవారి పేరూ ఊరూ దినమూ చెప్పించి భద్రపరచడానికి పైసా ఖర్చు లేదు. పట్టిన పాట ఒకచోటనే ఉంచక రెండు మూడు చోట్ల దాచడం అవసరం. యంత్రం చెడవచ్చు.

ఆ పని చేసిన పిల్లలలో ఎందరు దాని విలువను వెంటనే గ్రహిస్తారు అన్నది వేరే ప్రశ్న. గ్రహించకపోయినా నష్టం లేదు. 1968లో లండను దుకాణంలో ఆ ఆల్బమును అరలో సర్ది ఉంచిన ఉద్యోగికి కూడా తాను చేస్తున్నది ఏమిటో తెలిసి ఉండదు. ప్రతి ఒకటి అరలో ఉన్నది కనుకనే కొనేవాడు వచ్చిననాడు దొరికింది.